విగాన్ చూడాలంటే ఒక రాత్రి అక్కడే పడుకోండి

ఫిలిప్పీన్స్‌లోని విగాన్‌కి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటే. మిట్టమధ్యాహ్నం దిగి, సాయంత్రం నాలుగింటికల్లా మళ్లీ బండెక్కేస్తారు. ఆ వేళ ఊళ్లోకెల్లా పేరున్న కాలె క్రిసోలోగో వీధిలో రాళ్లు పెనంలా కాలుతుంటాయి. దుకాణాల వాళ్లు టీషర్టులూ కీచెయిన్లూ బయటికి వేలాడదీసి, చూడవలసిన గోడల్నే కప్పేస్తారు. ఫొటో తీస్తే ఇల్లు తక్కువ, జనం ఎక్కువ. ఈ ఊరు కనబడేది తెల్లవారిన దగ్గర్నుంచి ఎనిమిదింటి దాకా, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాత. అందుకని కనీసం ఒక రాత్రి, వీలైతే రెండు రాత్రులు పెట్టుకోండి.

ముందు ఊరి సంగతి కొంచెం. విగాన్ ఇలోకోస్ సూర్ ప్రావిన్సుకి రాజధాని. లూజాన్ దీవి వాయవ్య తీరాన, మనీలాకి ఉత్తరంగా సుమారు 400 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 2020 లెక్కల ప్రకారం జనాభా 54 వేల లోపే, అంటే మన దగ్గర ఒక మోస్తరు మునిసిపాలిటీ అంత. 1572లో హువాన్ దె సాల్సేదో అనే స్పెయిన్ సేనాని ఇక్కడ పట్టణం కట్టించి స్పెయిన్ యువరాజు పేరు పెట్టాడు. ఆ పేరు నిలవలేదు. ఏటి ఒడ్డున పెరిగే ‘బిగాఅ’ అనే చేమ జాతి మొక్క పేరే నిలిచింది. చైనా నుంచి వచ్చి స్థిరపడిన వర్తకులు, వాళ్లకూ స్థానిక స్త్రీలకూ పుట్టిన మెస్తీసో కుటుంబాలు నీలిమందు, పొగాకు, బట్టల వ్యాపారంలో గడించి కట్టుకున్న ఇళ్లే ఇప్పుడు మనం చూడబోయేవి. 1999లో యునెస్కో ఈ పాత పట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వీసా, దారి

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి 2025 జూన్ నుంచి ఫిలిప్పీన్స్‌లో పర్యటనకి 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, కెనడా, షెంగెన్, సింగపూర్, బ్రిటన్‌లలో దేనిదైనా చెల్లే వీసా గానీ నివాస అనుమతి గానీ ఉంటే 30 రోజులు. రెండింటికీ పొడిగింపు లేదు. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు, తిరుగు టికెట్, బస బుకింగ్ చేతిలో ఉండాలి. ప్రయాణానికి మూడు రోజుల లోపు ‘ఈట్రావెల్’ ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం. దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది అసలుది కాదని అర్థం. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు ఎంబసీ వాళ్ల పేజీ ఒకసారి చూసుకోండి. ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదివే తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. విగాన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ నార్తర్న్ ఫిలిప్పీన్స్‌లో కూడా వైద్య కళాశాల ఉంది. పిల్లల్ని చూడడానికి వచ్చే తల్లిదండ్రులు ఈ 14 రోజుల లెక్కని తిరుగు టికెట్ తేదీతో సరిచూసుకోవాలి.

మనీలా నుంచి బస్సులో 8 నుంచి 10 గంటలు పడుతుంది. రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య బయల్దేరే ఏసీ బస్సు ఎక్కండి. తెల్లవారుజామున దింపుతుంది. హోటల్ గది మధ్యాహ్నం దాకా ఇవ్వరు కదా అని చాలామంది పగటి బస్సు ఎక్కుతారు. అక్కడే మంచి పూట పోగొట్టుకుంటారు. సామాను హోటల్ కౌంటర్‌లో పడేసి, ముఖం కడుక్కుని, నేరుగా వీధిలోకి నడవండి. మీరు వచ్చిందే ఆ వేళ కోసం.

బస్సు ఎక్కే ముందు అద్దం మీద బోర్డు చూడండి. విగాన్ అని ఉంటే ఊళ్లోకి వెళుతుంది. లవోగ్ అని ఉంటే మిమ్మల్ని పక్క ఊరు బంతాయ్ దగ్గర హైవే మీద దింపే అవకాశం ఉంది. అక్కణ్నుంచి ట్రైసికిల్, అంటే పక్కన తొట్టి బిగించిన మోటార్ సైకిల్, మాట్లాడుకోవాలి. దూరం తక్కువే గానీ చీకట్లో, రెండు సూట్‌కేసులతో, చిల్లర లేకుండా అయితే చిరాకు. ఆ ఏసీ కూడా మామూలు ఏసీ కాదు. శాలువా, సాక్సులు పైనే పెట్టుకోండి. విమానంలో రావాలంటే దగ్గరి పెద్ద విమానాశ్రయం లవోగ్‌లో ఉంది. అక్కణ్నుంచి సుమారు 80 కిలోమీటర్లు, రోడ్డు మీద దాదాపు రెండు గంటలు.

ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర వారం, నవంబరు 1 చుట్టూ, క్రిస్మస్ ముందు బస్సు సీటూ హోటల్ గదీ అప్పటికప్పుడు దొరకవు. ఆ దేశమంతా సొంతూళ్లకి కదిలే రోజులవి, మనకి సంక్రాంతి ఎలాగో అలా.

బస పాత పట్టణంలోనే, కాలె క్రిసోలోగో నుంచి నడిచే దూరంలో చూసుకోండి. పాత ఇళ్లనే హోటళ్లుగా మార్చినవి కొన్ని ఉన్నాయి. అందం అందమే గానీ చెక్క నేల మీద పక్కగది వాళ్ల అడుగులు వినిపిస్తాయి. కొన్ని గదులకి కిటికీ కూడా ఉండదు. బుక్ చేసేటప్పుడే కిటికీ ఉందా, మెట్లు ఎన్ని అని అడగండి. పెద్దవాళ్లు వెంట ఉంటే ఈ రెండో ప్రశ్న మరీ ముఖ్యం.

తెల్లవారుజామున ఇళ్లని చదవడం

కాలె క్రిసోలోగో అర కిలోమీటరు పొడవు. మోటారు బళ్లని రానివ్వరు. ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది కాబట్టి పొద్దుటి ఎండ ముందు పడమటి వరస ఇళ్ల మీద పడుతుంది. జనవరిలో సూర్యోదయం 6.25 ప్రాంతంలో, మే చివర 5.30 ప్రాంతంలో. గుండ్రాళ్ల బాట మీద చక్రాల పెట్టె లాగితే చక్రాలు ఊడతాయి, హీల్స్ అయితే మడమ మెలిపడుతుంది. మెత్తని అడుగున్న బూట్లు వేసుకోండి.

వీధి చివరిదాకా నడిచేసి ‘అయిపోయింది’ అనుకోకుండా, ఒక ఇంటి ముందు పది నిమిషాలు ఆగండి. కింది నుంచి పైకి చూడండి. కింది అంతస్తు మందపాటి ఇటుక గోడ, పైన సున్నపు పూత. పూత రాలిన చోట ఎర్రటి వెడల్పాటి ఇటుకలు బయటపడతాయి. మధ్యలో రెండు రెక్కల పెద్ద తలుపు, ఆ తలుపులోనే మనిషి పట్టేంత చిన్న తలుపు. పెద్దది గుర్రపు బండికి, చిన్నది రోజూ వచ్చిపోయే మనుషులకి. తలుపు వెనక చావడిలో బండి ఆగేది, పక్క గదుల్లో పొగాకు, నీలిమందు సరుకు ఉండేది. కాపురం పైనే. కింద ఇప్పుడు దుకాణాలు ఉండటం ఈ కాలపు వింతేమీ కాదు, అది మొదట్నుంచీ వ్యాపారపు అంతస్తే.

పై అంతస్తు కొన్నిళ్లలో చెక్క, కొన్నిట్లో అదీ ఇటుకే. కిటికీలు పక్కకి జరిపే చట్రాలు. ఆ చట్రాల్లో అరచేతి కంటే చిన్న గళ్లు, గళ్లలో గాజు బదులు కాపిస్ అనే పలచటి సముద్రపు ఆల్చిప్పని కోసి అమర్చిన పలకలు. ఎండ వేడిని ఆపి వెలుగుని మాత్రం పాలలా లోపలికి పంపుతాయి. కిటికీ గడపకి దిగువన, నేల దాకా మరో చిన్న కిటికీ వరస ఉంటుంది. దాన్ని వెంతనీయా అంటారు. పెద్ద కిటికీ మూసినా కింది నుంచి గాలి ఆడటానికి అది. గళ్లలో అక్కడక్కడ పలక రంగు తేడాగా, మరీ తెల్లగా కనిపిస్తే అక్కడ చిప్ప పగిలి ప్లాస్టిక్ వేశారన్నమాట. రెండు మూడు ఇళ్లు ఇలా చూశాక ఏది మరమ్మతు చేసింది, ఏది వదిలేసింది మీ కంటికే తెలుస్తుంది.

2022 జూలై 27న పక్కనున్న అబ్రా ప్రావిన్సులో 7.0 తీవ్రతతో వచ్చిన భూకంపం ఈ ఇళ్లని గట్టిగానే కుదిపింది. పగుళ్లకి అతుకులు, కొత్త సున్నం కనిపిస్తే దానివల్ల కావచ్చు. ‘లోపలికి రావద్దు’ అని తాడు కట్టిన చోట వెళ్లకండి. పాత ఇటుక పెళ్లలు చెప్పి రాలవు.

వీధి ఉత్తరపు కొసకి వస్తే ప్లాజా బుర్గోస్, దాని పక్కన కెథడ్రల్, కెథడ్రల్ ముందు ప్లాజా సాల్సేదో. బిషప్ పీఠం 1758లో విగాన్‌కి మారింది. ఇప్పుడున్న కెథడ్రల్ 1790లో మొదలై 1800కి పూర్తయింది. గంటల గోపురం గుడికి ఆనించి కాకుండా కొంత ఎడంగా ఉండటం గమనించండి. భూకంపంలో గోపురం పడితే గుడి మీద పడకూడదని ఆ ఏర్పాటు. ప్లాజా సాల్సేదో ఇప్పుడు ఫౌంటెన్ చుట్టూ పిల్లలు పరిగెత్తే చోటు. స్పెయిన్ మీద తిరుగుబాటు నడిపిన గాబ్రియేలా సిలాంగ్‌ని 1763 సెప్టెంబరులో ఉరితీసింది ఇక్కడే.

ఎండ వేళ లోపల

తొమ్మిదిన్నర నుంచి మూడు దాకా కప్పు కింద ఉండండి. జాతీయ మ్యూజియం వాళ్ల భవనాలు ప్రావిన్సు ప్రభుత్వ కార్యాలయం దగ్గరే ఉన్నాయి. టికెట్ లేదు, సోమవారం సెలవు. ఆదివారం రాత్రి బస్సెక్కి సోమవారం దిగితే మొదటి రోజంతా తలుపులు మూసే ఉంటాయి, అది ముందే లెక్క వేసుకోండి. అక్కడ తప్పక చూడాల్సింది ఎస్తెబాన్ విల్యనువేవా 1821లో వేసిన 14 చిత్రాలు. చెరకు రసం కాచి ఇంట్లో పులియబెట్టుకునే ‘బాసి’ మద్యాన్ని స్పెయిన్ ప్రభుత్వం తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చి నిషేధిస్తే, 1807లో ఇలోకోస్ రైతులు తిరగబడ్డారు. ఆ కథ వరసగా బొమ్మల్లో ఉంటుంది. కొన్ని బొమ్మల్లో ఆకాశంలో తోకచుక్క కోసం వెతకండి. ఆ ఏడు నిజంగానే పెద్ద తోకచుక్క కనబడింది. పక్కనున్న పాత జైలు 1657 నాటిది. దేశాధ్యక్షుడైన ఎల్పీదియో కిరీనో 1890లో పుట్టింది ఈ జైల్లోనే. తండ్రి అక్కడ వార్డెన్.

సికియా మాన్షన్ కిరీనో భార్య పుట్టిల్లు. బయటినుంచి చదివిన ఇంటిని లోపలినుంచి చూడాలంటే ఇదే సరైన చోటు. నేల పలకల వెడల్పు, కాపిస్ కిటికీ లోపలి వైపు, వంటగది, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. క్రిసోలోగో మ్యూజియం మరో రకం. 1970లో కెథడ్రల్‌లో ప్రార్థన చేస్తుండగా కాల్చి చంపబడిన పార్లమెంటు సభ్యుడు ఫ్లోరో క్రిసోలోగో ఇల్లది. ఆ రోజు ఆయన వేసుకున్న బట్టలు కూడా ప్రదర్శనలో ఉన్నాయి. చిన్నపిల్లలు వెంట ఉంటే ఆ గది దాటించేయండి.

కలేసా, జాడీలు

మూడు దాటాక కలేసా మాట్లాడుకోండి. ఒంటి గుర్రపు బండి, తోలేవాణ్ని కుత్సేరో అంటారు. లెక్క గంటల మీద. ఎక్కే ముందే మూడు విషయాలు తేల్చుకోవాలి: గంటకి ఎంత, ఆ రేటు బండికా మనిషికా, మనం లోపల చూస్తున్నంతసేపూ బండి ఆగే సమయం కూడా లెక్కేనా. మూడోదే గొడవ పెట్టేది, అది లెక్కే అవుతుంది. అందుకని మ్యూజియాలు నడిచి చూసేసి, కలేసాని ఊరి దక్షిణపు కొసనున్న జాడీల బట్టీకీ, నేత పనికీ, బంతాయ్‌కీ వాడుకుంటే రెండు గంటల్లో సరిపోతుంది. గుర్రం డొక్కలు కనిపిస్తుంటే, జీను కింద పుండుంటే ఇంకో బండి చూసుకోండి. బళ్లకి కొదవ లేదు. పెద్దవాళ్లు ఇద్దరు, ఒక పిల్లో పిల్లాడో, అంతే. నలుగురు పెద్దవాళ్లు ఎక్కితే బండి వెనక్కి వాలిపోతుంది.

పగ్బుర్నాయాన్ అంటే బుర్నాయ్‌లు చేసే చోటు. బుర్నాయ్ అంటే మన ఆవకాయ జాడీకి అన్నగారి లాంటి మట్టి పాత్ర. పొడుగాటి పొట్ట, ఇరుకు మూతి, ముదురు గోధుమ రంగు. చైనా కుమ్మరులు తెచ్చిన పని ఇది. బంకమట్టిలో సన్నని ఇసుక కలిపి, నీళ్లు చల్లి, గేదెని గుండ్రంగా తిప్పుతూ తొక్కిస్తారు. మట్టిలో గాలి బుడగ మిగిలితే బట్టీలో అక్కడే పగులుతుంది, అందుకే అంత తొక్కుడు. తర్వాత సారె మీద ఎత్తి, వాలుగా కట్టిన పొడవాటి ఇటుక బట్టీలో కాలుస్తారు. మన కుండని కాల్చే వేడి కంటే చాలా ఎక్కువ వేడి, అందువల్ల మట్టి రాయిలా బిగుస్తుంది. ఆ పట్టణపు సిర్కా (వెనిగర్), బాసి, చేపల ఊరగాయ పులిసేది వీటిలోనే.

కొనాలంటే కుండ కొన్నట్టే కొనండి. వేళ్ల కణుపుతో తట్టితే ఖంగుమనాలి. మొద్దుగా మోగితే సన్నని పగులు ఉంది. మూతి మీద అరచేయి ఆనించి తిప్పి చూడండి, ఊగితే మూత కూర్చోదు. అడుగు చదునుగా ఉందో లేదో నేల మీద పెట్టి చూడండి. ఇంటికి తేవాలంటే అర అడుగు ఎత్తు మించనిది తీసుకుని, లోపల బట్టలు గట్టిగా కుక్కి, బయట తువ్వాలు చుట్టి, పెట్టె మధ్యలో పెట్టండి. లోపల ఖాళీ వదిలితేనే పగిలేది.

అబెల్ అని పిలిచే చేనేత నూలు బట్ట కమంగ్గాన్, మిందోరో అనే బరాంగైల్లో (మన వార్డుల్లాంటివి) మగ్గాల మీద చూడొచ్చు. బినాకోల్ అనే డిజైన్‌లో గళ్లు సుడి తిరుగుతున్నట్టు కళ్లని మోసం చేస్తాయి. వీధిలో అమ్మే ప్రతిదీ చేనేత కాదు. అంచు చూడండి. చేనేతలో అంచు దారం మలుపు తిరిగి వస్తుంది, మిషన్ గుడ్డలో కత్తిరించి కుట్టినట్టుంటుంది. పోచంపల్లి, మంగళగిరి చీరలు ఎంచి కొనేవాళ్లకి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు.

తిండి

సాయంత్రం ప్లాజా బుర్గోస్ దగ్గర ఎంపనాడా కొట్లు వరసగా ఉంటాయి. బియ్యప్పిండి ముద్దని నూనె రాసిన ఆకు మీదో కవరు మీదో పలచగా అదిమి, పచ్చి బొప్పాయి తురుమో క్యాబేజీయో పరిచి, పైన లొంగనీసా అనే వెల్లుల్లి పంది సాసేజి ముక్కలు, మధ్యలో ఒక పచ్చి గుడ్డు కొట్టి, మడిచి, అంచుని పళ్లెంతో కోసి, కాగే నూనెలోకి జారవిడుస్తారు. పక్క ప్రావిన్సులోని బతాక్ ఊళ్లో ఇదే ఎంపనాడా ముదురు నారింజ రంగులో, పెసలతో ఉంటుంది. ఆ రంగు మన ఉత్తరాంధ్రలో పండే జాఫ్రా గింజలదే. విగాన్‌ది లేతరంగు, పలచన, ఎక్కువ కరకర. పళ్లెంలో ముందే వేయించి పేర్చినవి తీసుకోకండి, బియ్యప్పిండి చల్లారితే తోలులా సాగుతుంది. ‘వేడిగా ఒకటి వేయండి’ అని నిలబడి చేయించుకోండి. మూల కొరికి, ఆవిరి పోనిచ్చి, ఆ రంధ్రంలోంచి సుకాంగ్ ఇలోకో, అంటే చెరకు సిర్కా, రెండు చెంచాలు పోసి తినాలి.

శాకాహారులకి ఇక్కడ కాస్త ఇబ్బందే. కూరగాయల కూరే కదా అని పినక్బెత్ చెబితే అందులో బగోంగ్, అంటే పులియబెట్టిన చేపల ముద్ద, ఉప్పు బదులు పడుతుంది. పైన మాంసపు ముక్కలు కూడా వేస్తారు. పొకిపొకి అడగండి. వంకాయ కాల్చి, తొక్క తీసి, టమాటా ఉల్లిపాయలతో వేయించి, గుడ్డు కలుపుతారు. గుడ్డు తినేవాళ్లకి వంకాయ పచ్చడి తిన్నట్టే ఉంటుంది. ఎంపనాడాలో లొంగనీసా, గుడ్డు వద్దంటే కూర ఒక్కటే పెట్టిస్తారు. అయితే నూనె అందరిదీ ఒకటే, అది పట్టింపైతే మానేయండి. ‘అవాన్ కర్నే, అవాన్ బగోంగ్’ అంటే మాంసం వద్దు, చేపముద్ద వద్దు అని అర్థమవుతుంది. అమ్మే ఆవిడని ‘మానంగ్’ అనండి, అంటే అక్కా. మగవాడైతే ‘మానోంగ్’, అన్నా. ‘మానో?’ అంటే ఎంత. ఈ మూడు మాటలకీ రేటు తగ్గకపోవచ్చు గానీ మొహం మారుతుంది. మాంసం తినేవాళ్లు పొద్దున గొడ్డు పేగులతో చేసే సినాంగ్లావ్ పులుసు, మధ్యాహ్నం కరకరలాడే పంది మాంసం బగ్నెత్ వదలొద్దు.

రెండో రోజు

బంతాయ్ గుట్ట మీద గంటల గోపురం 1591 నాటిది, సముద్రం మీంచి వచ్చే శత్రువుల కోసం కాపలా కాసే బురుజు కూడా అదే. 2022 భూకంపంలో పైభాగం దెబ్బతింది. ఎక్కనిస్తున్నారో లేదో హోటల్లో అడిగి వెళ్లండి. ఎక్కనివ్వకపోయినా గుట్ట మీంచి చుట్టూ చూడొచ్చు. ఓపిక ఉంటే మనీలా దారిలో 40 కిలోమీటర్ల దక్షిణాన శాంతా మరియా చర్చి చూడండి. గుట్ట మీదికి రాతి మెట్లెక్కాలి. అదీ యునెస్కో జాబితాలోదే, 1993 నుంచి.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి వాతావరణం, అందులో డిసెంబరు నుంచి ఫిబ్రవరి హాయి. జూలై, ఆగస్టు తుపాన్ల కాలం. రోడ్లు మునిగితే బస్సులు ఆపేస్తారు. ఆ నెలల్లో వెళితే మనీలా నుంచి తిరుగు విమానానికి ముందు ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. మే మొదటి వారంలో వివా విగాన్ పండగ, జనం ఎక్కువ.

సిర్కా సీసా కొంటే మూతకి టేప్ చుట్టి, రెండు కవర్లలో కట్టి చెకిన్ సామానులో పెట్టండి, చేతి సంచీలో అయితే తీసేసుకుంటారు. ఏటీఎంలు కెసోన్ అవెన్యూ మీద ఉన్నాయి. ట్రైసికిల్ వాళ్ల దగ్గర పెద్ద నోటుకి చిల్లర ఉండదు కాబట్టి 20, 50, 100 పెసోలు విడదీసి ఉంచుకోండి. తిరుగు బస్సు సీటు మాత్రం దిగిన రోజు పొద్దునే, సామాను హోటల్లో పెట్టడానికి వెళ్లకముందే, బస్టాండులోనే రిజర్వు చేసేయండి.